భాషాశాస్త్రమునకు ప్రయోగశాల ఏది?

పొన్నూరు అను పేరులోని మొదటి మాట ఏది? బంగారమను అర్థముగల ‘పొన్ను’ అనియు, అందుచేతనే ఇది స్వర్ణపురి అనియు కొందరందురు. పొన్నచెట్టు పేరైనను కావచ్చును. పొన్ను, ఊరు కలిపినను, పొన్న, ఊరు కలిపినను పొన్నూరే అగును. కనుక చెవికి వినబడు దానితో ఈ తగవు తీరదు. పాత శాసనములలోని రూపములను వెదకవలయును. ఈ వెదకులాటయే భాషాశాస్త్రము.

తెలుగున పాలు, పులి, పాము అను మాటలు కన్నడమున హాలు, హులి, హావు. బంగారము తమిళమున పొన్, కన్నడమున హొన్ను. పూర్వ కన్నడమున పదము మొదట నుండిన పకారము తరువాత హకారమైనది. సంస్కృతము నుండి అరువు వచ్చిన ‘పుస్తక’ వంటి మాటలు దీనికి లొంగలేదు. నియమము, సాక్ష్యము, లొంగని వాటికి కారణము చెప్పుట: రసాయనశాస్త్రము చదువు విద్యార్థికి ఈ పద్ధతి క్రొత్తది గాదు.

అయినను మన డిగ్రీ చదువులలో ఇది సాహిత్యమునకు తోకగానే యున్నది. బి.ఏ.లో తెలుగు తీసికొన్నవాడు భాషాచరిత్రను ఒక పత్రముగా చదివి, ధ్వనుల మార్పులకు పెట్టిన పేర్లను వల్లెవేసి, పరీక్ష కాగానే మరచును. పొన్నూరు నానుకొనియున్న నిడుబ్రోలులోను, గుంటూరు దారిలోని చేబ్రోలులోను ‘ప్రోలు’ అను మాట ‘బ్రోలు’ ఏల అయినదని అడుగు ప్రశ్నాపత్రము అరుదు. ఉస్మానియాలో 1962లో వెలసిన భాషాశాస్త్ర శాఖ ఎం.ఏ. చదువువారికి దారి చూపినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఇంటరు కాగానే చేరదగిన ఐదేండ్ల కోర్సు గలదు గాని, అట్టివి కొలదియే.

ఆ 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ‘మాండలిక వృత్తిపదకోశము’ మొదటి సంపుటమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది. అందులోనివి వ్యవసాయ పదములు. 1971లో వచ్చిన రెండవ సంపుటము చేనేతకు సంబంధించినది. పండితుని బల్ల మీద గాక రైతు నోట విని కూర్చిన కోశము కావుననే దీనికి ఇంత విలువ. తెలుగుదేశమును పూర్వ, దక్షిణ, మధ్య, ఉత్తర మండలములుగా విభజించుటకు ఈ సేకరణయే ఆధారమైనది. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలు మధ్య మండలమున చేరినవి. పటము మీద ముందు గీత గీసి మాటల నందులో ఇరికింపలేదు. మాటలే గీత గీసినవి. డిగ్రీ విద్యార్థి చేతికి మొదట ఈయదగిన పుస్తకమిదియే.

లోపము లేకపోలేదు. మేడి, కర్రు, కాడి వంటి మాటలు మ్యూజియములోని నమూనాలవలె విడివిడిగా నిలుచును. రైతు వాటిని వాక్యమున ఎట్లు పొదుగునో కోశము చెప్పదు. కోశము నుండి దాని నాశించుట న్యాయమును గాదు. ఆ పనికి 1975లో వచ్చిన చేకూరి రామారావు ‘తెలుగు వాక్యము’ను దగ్గర నుంచుకొనవలయును. అది కొంత కఠినము. ఉపాధ్యాయుని తోడు లేనిదే చదువరి మధ్యలో ఆగిపోవును.

ఇంతకంటె పెద్ద చిక్కు కాలము తెచ్చినది. డెల్టా పొలములలో ట్రాక్టరు, వరికోత యంత్రము దిగిన పిమ్మట ఎద్దుల నాగలి మాటలు అనేకము ముసలివారి నోటనే మిగిలినవి. ఇది కోశము తప్పు గాదు. విద్యార్థికి మిగిలిన పని. నిడుబ్రోలులోని ఒక బాలిక తన తాతను నాగలి భాగముల పేర్లడిగి, తన తరగతివారిని గూడ అడిగి వ్రాసికొన్నచో చాలును. తాత చెప్పినవానిలో తమకు తెలియనివి ఎన్ని, తెలిసియు అర్థము మారినవి ఎన్ని అను లెక్కను 1962 నాటి పుటల ప్రక్కన పెట్టి చూడవచ్చును.