నలుపు తెలుపుల్లో తిరుపతమ్మ

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరంటాలు కథను మావైపు ఎవరూ పనిగట్టుకుని నేర్చుకోరు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఏ అరుగు మీద కూర్చున్నా చెవిన పడేదే. అనిగండ్లపాడు ఆడపడుచు మునేటి ఒడ్డున కాకాని వారింట కోడలిగా అడుగుపెట్టింది. మొగుడు గోపయ్య మనసున్నవాడు. అత్తా తోడికోడలూ మాత్రం ఆరళ్లు పెట్టారు. గోపయ్య ఆవుల మందతో అడవికి పోయి పులివాత పడ్డాడు. రోగమొచ్చిన కోడల్ని గొడ్లసావిట్లోకి నెట్టేస్తే పాపమాంబ అనే ఆమె ఒక్కతే దగ్గరుండి చాకిరీ చేసింది. చివరికి తిరుపతమ్మ అగ్నిలో కలిసి దేవతైంది. పులినీ అగ్నినీ పక్కన పెడితే ఇదంతా ఒక ఉమ్మడి కుటుంబం కథ. అందుకే వినే ఆడవాళ్లు మహిమల దగ్గర దణ్ణం పెడతారు, గొడ్లసావిడి దగ్గర ఏడుస్తారు.

ఈ కథను 1963లో ‘శ్రీ తిరుపతమ్మ కథ’ పేరుతో సినిమాగా తీశారు. ఎన్.టి.రామారావు, కృష్ణకుమారి జంట. దర్శకుడు బి.ఎస్.నారాయణ. తర్వాతి కాలంలో ‘ఊరుమ్మడి బ్రతుకులు’, ‘నిమజ్జనం’ తీసింది ఈయనే. ‘నిమజ్జనం’లో నటనకు శారద జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. ఆడదాని కష్టాన్ని అరుపులు లేకుండా చూపగల దర్శకుడి చేతిలో మా ఊరి కోడలి కథ పడిందంటే ఎంత ఆశ పెట్టుకోవాలి! ఏళ్ల తరబడి వెతికి, దొరికాక కళ్లప్పగించి చూశాను. మనసు నిండలేదు.

కథలో లోటు లేదు, నటుల్లోనూ లేదు. మావైపు కథ చెప్పేవాళ్లు నిదానిస్తారు. ఇవాళ ఒక మాట, రేపు ఒక చూపు, ఎల్లుండి అడుగంటిన గిన్నె. ఆరడి అంటే అలా చుక్కచుక్కగా పడేదే. సినిమాకు ఆ తీరిక లేదనిపించింది. తెర మీది ఇల్లు ఏ ఊళ్లోనైనా ఉండగల ఇల్లు. మెట్ట ఊరి ఎండా, మునేటి ఇసకా, ఆవుల వాసనా నాకు అందలేదు.

రంగు లేకపోవడం ఇంకో వెలితి. అదే 1963లో అదే రామారావు రాముడిగా ‘లవకుశ’ వచ్చింది. అదీ అగచాట్లు పడ్డ ఇల్లాలి కథే. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన తొలి సినిమా అది. సీతమ్మకు దక్కిన రంగులు తిరుపతమ్మకు దక్కలేదు. మావైపు వాళ్లకు ఆమెను రంగుల్లేకుండా చూడటం కష్టం. ఎందుకంటే రంగులతోనే ఆమెకు ఒక పండగ ఉంది.

రెండేళ్లకోసారి పెనుగంచిప్రోలు నుంచి అమ్మవారి, గోపయ్య స్వామి, సహదేవతల మూర్తులు ఊరేగింపుగా జగ్గయ్యపేటకు బయల్దేరతాయి. అక్కడి రంగుల మండపంలో వాటికి కొత్తగా రంగులద్దుతారు. ఈ పనిలో కష్టం పైకి కనిపించదు. మొహం కొత్తగా మెరవాలి, కానీ కొత్త మొహం కాకూడదు. ఇంతకుముందు ఎవరో దిద్దిన కనుబొమ్మ మీదే తన కుంచె నడవాలి. రెప్పగీత కాస్త పైకి లేస్తే కరుణ పోయి కోపం వస్తుంది. కాస్త కిందికి జారితే నిద్రమొహమవుతుంది. చూడబోయేవాళ్లు సామాన్యులా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మొహం ఎరిగినవాళ్లు. అమ్మవారి చూపు మారితే పసిపిల్ల కూడా పట్టేస్తుంది. అంతమంది తీర్పుకు నిలబడే పని చేసి, ఎక్కడా తన పేరు రాసుకోకుండా కుంచె కడుక్కుని వెళ్లిపోతాడు ఆ పనివాడు. ఇంకో సంగతి కూడా నాకు బాగా నచ్చుతుంది. అమ్మవారు ఒక్కతే రాదు. బతికుండగా ఆమెకు కరువైన కూడిక ఈ ప్రయాణంలో దొరుకుతుంది. మొగుడి పక్కనే వస్తుంది, మొగుడి పక్కనే తిరిగి వెళ్తుంది.

సినిమాలోనూ ఆ కుంచెకు సాటివచ్చే పనితనం ఒకచోట ఉంది. సి.నారాయణరెడ్డి రాసి, పామర్తి బాణీ కట్టి, ఘంటసాల పాడిన పున్నమి వేళ పాట అది. అంతకు ముందు ఏడాదే ‘గులేబకావళి కథ’తో సినారె సినిమా పాటలోకి వచ్చారు. సిగ్గుపడుతున్న ఇల్లాలిని మొగుడు బుజ్జగించే పాట ఇది. ఆమె ఒక్క మాటా పలకదు. అయినా పాటంతా ఆమెదే, ఎందుకంటే ప్రతి మాటా ఆమె బిడియాన్ని చూసి పుట్టిందే. ఘంటసాల ఎక్కడా గొంతు పెంచరు. పక్కగదిలో అత్త మేలుకొని ఉందేమో అన్నంత నెమ్మదిగా పాడతారు. పులి గురించీ సావిడి గురించీ వినేవాళ్లకు ముందే తెలుసు. పాడే గొంతులో మాత్రం ఆ జాడ రానివ్వలేదు. రాబోయే ఏడుపును ముందే కలిపి ఉంటే పాట చెడేది. పున్నమి పున్నమిగానే ఉంది కాబట్టే ఆ తర్వాతి కథ మరీ బరువెక్కుతుంది. మిగతా సినిమాను కూడా ఈ నిదానంతో, ఈ నిగ్రహంతో తీసి ఉంటే రంగుల్లేకపోయినా అది మా తిరుపతమ్మ సినిమా అయ్యేది.