అంబలిలో నీటి పనితనం

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వైపు, వేటకెళ్లే ఇళ్లలోనూ పొలం పనులకెళ్లే ఇళ్లలోనూ పొద్దుటి ఆకలికి జవాబు చోడి (రాగి) అంబలి. బరువు తగ్గాలంటే నీళ్లు బాగా తాగమని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. ఆ నీళ్లు కడుపులో నిలవాలంటే ఏం చేయాలో అంబలి కాచే చేతికి ఎప్పటినుంచో తెలుసు.

పని రాత్రే మొదలవుతుంది. చోడిపిండిని చన్నీళ్లలో జారుగా కలిపి, మూతపెట్టి పులియనిస్తారు. తెల్లారి ఎసట్లో గుప్పెడు నూకలు వేసి, అవి మెత్తబడ్డాక పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ, తెడ్డు ఆపకుండా తిప్పుతారు. పొడిపిండి నేరుగా మరిగే నీళ్లలో పడితే పైపొర వెంటనే ఉడికి జిగురవుతుంది, లోపలిది పొడిగానే చిక్కుకుపోయి ఉండకడుతుంది. ముందే తడిసిన పిండిలో ప్రతి రేణువుకూ నీరందుతుంది; వేడెక్కేకొద్దీ ఆ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. పచ్చివాసన పోయి, బుడగలు బరువుగా లేచి పేలేదాకా సన్నసెగ మీదే ఉంచాలి. తొందరపడి దించితే పైన తేట, అడుగున మడ్డి. చేయి తిరిగినవాళ్లు తెడ్డెత్తి, దాని మీంచి జారే తీరు చూసి ఉడుకు చెప్పేస్తారు. చల్లారాక ఉప్పు, మజ్జిగ కలుపుతారు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఉంటే కాల్చిన ఎండుచేప.

పులియబెట్టడం పుల్లటి రుచి కోసమే కాదు. చోళ్లలో ఇనుమునూ కాల్షియాన్నీ పట్టి ఉంచే ఫైటేట్లు పులుపుతో కొంత తగ్గి, ఆ ఖనిజాలు ఒంటికి బాగా అందుతాయి.

ఇక బరువు సంగతి. 50 గ్రాముల చోడిపిండిలో దాదాపు 160 కేలరీలుంటాయి. అంతే పిండి అరలీటరు నీటిని తనలో ఇముడ్చుకోగలదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన బార్బరా రోల్స్ బృందం, నీళ్లు తిండిలో కలిస్తే ఏమవుతుందో, పక్కన తాగితే ఏమవుతుందో పోల్చిన అధ్యయనాన్ని 1999లో ప్రచురించింది. 24 మంది మహిళలకు భోజనానికి ముందు ఒకరోజు చికెన్, అన్నం కలిపిన వంటకం పెట్టారు. ఇంకోరోజు దాని పక్కన గ్లాసు నీళ్లు ఇచ్చారు. మరోరోజు ఆ నీళ్లు పోసే సూపుగా కాచారు. పక్కన తాగిన నీళ్ల వల్ల తర్వాతి తిండి తగ్గలేదు. సూపు తాగిన రోజు మాత్రం సుమారు 100 కేలరీలు తక్కువ తిన్నారు. అది చికెన్ సూపు, ఇది చోడి అంబలి. సూత్రం మాత్రం ఒకటే.

ఉత్త నీళ్లు దండగని కాదు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2015లో 84 మంది స్థూలకాయులపై చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించారు. భోజనానికి అరగంట ముందు అరలీటరు నీళ్లు తాగినవాళ్లు, కడుపు నిండినట్టు ఊహించుకోమన్న జట్టు కంటే 12 వారాల్లో 1.3 కిలోలు ఎక్కువ తగ్గారు. లాభం ఉంది, చిన్నదే.

అంబలిలో బెల్లం కుమ్మరిస్తే ఈ లెక్కంతా తారుమారు. ఉప్పు చిటికెడు దాటకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కూడా కళింగపట్నం ఉన్న జిల్లాలోనిదే. కిడ్నీ జబ్బున్నవాళ్లు నీటి కొలత డాక్టరును అడిగే పాటించాలి. మిగతావాళ్లు నీళ్లతో బరువు తగ్గాలనుకుంటే, సీసా కంటే ముందు తెడ్డు పట్టుకోవడం మేలు.