పన్నెండేళ్లని ఇంగ్లీషులో ఏమంటారు?

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. మొన్న ఆదివారం ఇంగ్లీషు పదాల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, “పిన్నీ, ఈ పేజీ అడుగు, అప్పజెప్తా” అంది. కాలాన్ని కొలిచే మాటల పేజీ అది. పద్నాలుగు రోజులు ఫోర్ట్‌నైట్, పదేళ్లు డికేడ్, వందేళ్లు సెంచురీ, వెయ్యేళ్లు మిలీనియం. మధ్యలో అన్నీ ఈక్వల్‌టు గుర్తులే.

ఈ పేజీ మనకి కొత్త కాదు. స్పోకెన్ ఇంగ్లీష్ గైడ్లలో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇలాంటిదే ఉంటుంది. కవిత్వం కంటే ముందే మనలో చాలామంది చదివిన పాఠం ఇది. కథల మీద, నవలల మీద ఇంత రాసుకుంటాం కదా, దీన్ని మాత్రం ఎవరూ సమీక్షించినట్టు లేరు. ఆ పని నేను చేస్తాను.

పిల్ల ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. ఆ ఊపులో వంటింట్లోకి పోయి, “అమ్మమ్మా, నీ పెళ్లయి ఎన్ని డికేడ్స్ అయింది?” అంది. మాది కొవ్వూరు, గోదావరి గట్టు. అమ్మ బెండకాయలు తరుగుతూనే చెప్పింది. “79 పుష్కరాలకి ముందు వేసవిలో అయిందే. 91 పుష్కరాలకి మీ అమ్మని చంకనేసుకుని వెళ్లాను. 2003 వాటికి జనాన్ని చూసి భయపడ్డాం. 2015 వాటికి మీ తాతయ్యా నేనూ కలిసి మునిగాం. 27 వాటికి నేనొక్కదాన్నే వెళ్లాలి.”

పిల్ల వేళ్ల మీద లెక్కేసి, “ఆల్మోస్ట్ ఫైవ్ డికేడ్స్!” అంది. లెక్క తప్పేం కాదు. కానీ అమ్మ చెప్పిన దాంట్లోంచి మా నాన్న జారిపోయాడు.

ముందు ఈ పేజీ గొప్పదనం ఒప్పుకోవాలి. చిన్నది, నోటికి వస్తుంది, పరీక్షలో మార్కు తెస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఈక్వల్‌టు గుర్తు చెప్పినంత తిన్నగా ఆ మాటలు ఉండవు. బైమంత్లీ అంటే రెండు నెలలకోసారి అని ఈ పుస్తకం. నెలకి రెండుసార్లు అని కూడా ఇంగ్లీషు నిఘంటువులే చెప్తాయి. మన ద్వైమాసికకీ పక్షపత్రికకీ ఆ గొడవ లేదు. ఫోర్ట్‌నైట్ మన ఆఫీసుల్లో బాగానే చెల్లుతుంది, అమెరికాలో మామూలు మాటల్లో పెద్దగా వినపడదు.

అసలు లోపం ఇంకోటి. ఏ మాటైనా దేన్ని లెక్కపెట్టి పుట్టిందో ఈ పేజీ చెప్పదు. ఫోర్ట్‌నైట్ అంటే పద్నాలుగు రాత్రులు. పాత ఇంగ్లీషువాళ్లు రోజుల్ని రాత్రులతో లెక్కపెట్టేవాళ్లు. ఏడు రాత్రులకి సెనైట్ అని ఇంకో మాట కూడా ఉండేది. మన పక్షం పదిహేను తిథులు, చంద్రుడు నిండటమో తరగటమో. రెండూ ఆకాశంలోకి చూసి చెప్పిన మాటలే. డికేడ్‌లో అసలు ఏళ్లే లేవు, ఉన్నది పది మాత్రమే. ఫ్రెంచి విప్లవం తెచ్చిన కేలండర్‌లో అదే మాట పది రోజుల వారానికి పేరు. 2020లో మనం పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో కూర్చున్నాం. ఆ మాటలో ఉన్నది నలభై, వెనిస్ రేవులో ఓడల్ని ఆపిన రోజులు. మన మండల దీక్షా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే ఇంగ్లీషు ఎండిపోయిన భాషేం కాదు, ఎండబెట్టింది ఈ పేజీ.

ఈ పేజీ మీద నాకు కోపం రావడానికి సొంత కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక పాత తెలుగు కథని ఇంగ్లీషులోకి అనువదించాను. అందులో ఒకావిడ రేవులో జాముసేపు కూచుంటుంది, కొడుకు ఎక్కిన పడవ కోసం. నేను “ఒక గంట” అని రాశాను. అచ్చయ్యాక అమ్మకి చదివి తెలుగులో చెప్తుంటే, “జామంటే గంటేమిటే, మూడు గంటలు” అంది. రోజుకి ఎనిమిది జాములు, అరవై గడియలు, గడియకి ఇరవైనాలుగు నిమిషాలు. ఆ తల్లి ఎదురుచూపులో మూడింట రెండొంతులు నేను కోసేశాను. ఎడిటరూ పట్టుకోలేదు. వాళ్లూ మేమూ చదువుకున్నది ఈ పేజీయే మరి.

ఈ పేజీ మన విమర్శలోకి కూడా వచ్చేసింది. “గత రెండు దశాబ్దాల కాలంగా రాస్తున్న కవి” అని రాస్తాం, ఇరవయ్యేళ్లుగా అంటే బరువు తగ్గుతుందని. “అతను తన ఇరవైలలో” అని రాస్తాం, పాతికేళ్లు నిండని కుర్రాడు అనే మాట చేతిలో ఉండగా. ఎనభైల కవిత్వం, తొంభైల కథ అని డబ్బాలు కడతాం. 1989లో రాసిన పద్యానికీ 1990లో రాసిన పద్యానికీ మధ్య గోడ ఎవరు కట్టారు? పూర్వం నన్నయ యుగం, శ్రీనాథ యుగం అన్నారు. ఆ పద్ధతికీ లోపాలున్నాయి, ఒకరి పేరు కింద పదిమంది మాయమైపోతారు. కానీ కనీసం అక్కడ లెక్క సాహిత్యంలోంచి వచ్చింది, సున్నాలోంచి కాదు.

ఈ పేజీ చింపెయ్యమని నేననను. పిల్లలకి డికేడ్ కావాలి, మిలీనియం కావాలి. ఇంకో గడి కావాలంటాను: దేన్ని లెక్కపెట్టారు? రాత్రుల్నా, చంద్రుణ్నా, ఓడల్నా, నదినా? ఆ గడి ఉంటే జాముని గంట చేసేముందు నేనూ ఒకసారి ఆగేదాన్నేమో.

సాయంత్రం పిల్ల మళ్లీ వచ్చింది. “పిన్నీ, ట్వెల్వ్ ఇయర్స్‌కి ఇంగ్లీష్‌లో ఏంటి?” వాడుకలో అలాంటి మాట లేదన్నాను. కాసేపు ఆలోచించి, పేజీ అడుగున పెన్సిల్‌తో 12 వేసి, ఈక్వల్‌టు పెట్టి, తెలుగులో ‘పుష్కరం’ అని రాసుకుంది. పరీక్షలో దానికి మార్కుండదని చెప్పాను. “తెలుసు” అని, పుస్తకం మూసేసి అమ్మమ్మ దగ్గరికి పోయింది, 91 పుష్కరాల్లో వాళ్లమ్మ ఏడ్చిందో లేదో అడగడానికి.