సర్దుకునే హక్కు

ఇంటి ఆల్బంలోని ఫొటోలతో సాహిత్య విమర్శకు పనేమిటని కొందరు అడగవచ్చు. వస్తువును ఎన్నుకోవటం, అక్కరలేదనుకున్నదాన్ని చట్రం బయట వదిలెయ్యటం, ఒక క్షణాన్ని నిలబెట్టటం కథకుడు చేసే పనులే. కనుక కథను అడిగే ప్రశ్నలు ఫొటోనూ అడగవచ్చు.

హిందూపురంలో ఉండే నా మిత్రుడొకరు చిరుద్యోగి. ఫొటోలు తియ్యటం ఆయన వృత్తి కాదు. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో తన కుటుంబాన్ని, బంధువుల పల్లెల్ని తీసిన ఫొటోలు ఈ మధ్య మాకు చూపించాడు. శరత్తు అనగానే మన కావ్యాలకు వెన్నెల, రెల్లుపూలు గుర్తుకొస్తాయి. మా సీమకు శరత్తు శనక్కాయ చెట్లు పీకే కాలం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటున ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వానను నమ్ముకొని జూన్, జూలైల్లో విత్తిన చేను అక్టోబరు, నవంబరుల్లో లెక్క చెబుతుంది. ఆ లెక్క ఈ ఫొటోల్లో ఉన్నదా అన్నది నా మొదటి ప్రశ్న.

ఒక ఫొటోలో ఉన్నది. చేలో కూర్చుని కాయలు తెంపుతున్న ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు. ఒకామె చేతిలోని చెట్టుకు నాలుగు కాయలకు మించి లేవు. ఏ వ్యాఖ్యా లేకుండానే ఆ ఏటి పంట తెలిసిపోతుంది. పెనుకొండ ఫొటోల్లో ఈ చూపు లోపించింది. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఆ ఊళ్లో గగన్ మహల్, కొండ, మబ్బు, ముందు పిల్లలు. ఆ మండలంలోనే 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం గాని, దాని చుట్టూ మారిన బతుకులు గాని ఎక్కడా కనపడవు. గతం మీది మోజు వర్తమానాన్ని మింగింది.

అసలు చర్చ ధర్మవరం ఫొటో మీద జరిగింది. మగ్గం మీద సగం నేసిన పట్టుచీర. ముందు చవక చీరలో ఇల్లాలు, పక్కన భర్త, పిల్లలు నిటారుగా నిలబడ్డారు. "ఇది చెప్పి నిలబెట్టిన ఫొటో, కాబట్టి అబద్ధం. వాళ్లకు తెలియకుండా తీసిందే వాస్తవం" అన్నాడు మాలో ఒకాయన. ఒకప్పుడు నాదీ అదే నమ్మకం. అరువు తెచ్చుకున్న పాత ఆగ్ఫా క్లిక్ త్రీతో, పన్నెండు ఫొటోల రీలులో ఒకటి, చెట్లు పీకుతున్న మా అమ్మను చెప్పకుండా తీశాను. "చెప్పింటే కొంగన్నా సర్దుకుందును గదప్పా" అన్నది. నేను దాన్ని భేషజమనుకున్నాను. శ్రమజీవి చిత్రమని మిత్రులందరికీ చూపించాను. ఆమె మాత్రం దాన్ని ఎన్నడూ గోడకు తగిలించనివ్వలేదు.

1876-78 నాటి మద్రాసు రాజధాని కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి, ఫొటోగ్రఫీ మీది ఆసక్తితోనే, ఎముకల గూళ్లయిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన ఫొటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో వచ్చి కరువును దేశం ముందు పెట్టాయి. హూపర్ ఎదుట కూర్చున్నవాళ్లకు కాదనే శక్తి లేదు. ధర్మవరం ఇల్లాలు మాత్రం ఎలా నిలబడాలో తానే నిర్ణయించుకున్నది. రెండూ సర్ది తీసినవే. కాని సర్దిన చెయ్యి ఎవరిదన్నది వేరు. తానెలా కనపడాలని పేదమనిషి కోరుకుంటుందో అదీ వాస్తవంలో భాగమే. చెప్పకుండా తీసినంత మాత్రాన నిజం దొరకదని నాకు తెలియటానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఇలా అన్నానని పండుగ ముఖాలతో ఆల్బం నింపమని కాదు. అప్పుడు శ్రమ మాయమవుతుంది. శనక్కాయ చేలో ఆడవాళ్లను మిత్రుడు అడిగే తీశాడు; అయినా పని ఆగలేదు, పేదరికం దాగలేదు. ఆయన లోపం మరొకచోట ఉన్నది. తన పిల్లల ఫొటోల కింద పేర్లు, తేదీలు రాశాడు. ఆ ఆడవాళ్ల ఫొటో కింద 'పల్లె అందాలు' అని రాశాడు. పేరు, ఊరు, సంవత్సరం లేకపోతే కూలిమనిషి కొండల్లాగే, మబ్బుల్లాగే దృశ్యంలో ఒక భాగమైపోతుంది.

మన కథల్లోనూ ఎందరో 'ఒక కూలి', 'ఒక ముసలమ్మ' ఉన్నారు. వాళ్ల దైన్యాన్ని చాటుగా పట్టుకొని వాస్తవికత అని పేరు పెడుతున్నాం. మా అమ్మ నన్ను అడిగిన మాటే వాళ్లూ మనల్ని అడిగితే ఏమని జవాబు చెబుతాం?