కవాతు దరువు మీద శాంతి పాట

ఐరిష్ రాక్ బృందం యూటూ పాడిన ‘సండే బ్లడీ సండే’ పాట డ్రమ్ములతో మొదలవుతుంది. గిటారు, గొంతు ఆ తర్వాతే. ముందు వినిపించేది స్నేర్ డ్రమ్ము మీద సైనిక కవాతు దరువు. డ్రమ్మర్ లారీ మల్లెన్ కుర్రతనంలో డబ్లిన్‌లో కవాతు బ్యాండులో వాయించినవాడే. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్ ఆ డ్రమ్ములను విండ్‌మిల్ లేన్ స్టూడియో మెట్ల దగ్గర పెట్టించి రికార్డు చేశాడు. అందుకే ప్రతి దెబ్బా అంతలా మార్మోగుతుంది. దరువు అడుగు కలపమంటుంది, మాటలు కలపొద్దంటాయి. ఈ పాట పనితనమంతా ఆ పెనుగులాటలోనే ఉంది.

పాట పేరులోని ఆదివారం 1972 జనవరి 30. ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో, విచారణ లేని నిర్బంధాలను నిరసిస్తూ ఊరేగిన పౌరులపై బ్రిటిష్ పారాచూట్ రెజిమెంట్ సైనికులు కాల్పులు జరిపారు. ఆరోజే 13 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత కన్నుమూశారు. అంతా క్యాథలిక్కులే. పదేళ్లకు గిటారిస్టు ది ఎడ్జ్ ఈ పాటకు వరుస కట్టి తొలి మాటలు రాశాడు. 1983లో ‘వార్’ ఆల్బమ్‌కు ఇదే మొదటి పాట.

ఐర్లండ్‌లో తిరుగుబాటు పాటల సంప్రదాయం చాలా పాతది. అందులో వీరుల పేర్లుంటాయి, శత్రువుంటాడు, ప్రతీకారం ఉంటుంది. ఈ పాట ఆ దారి తొక్కలేదు. ‘ఇంకెంతకాలం?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న బైబిల్ కీర్తనల్లోంచి వచ్చింది. ఆల్బమ్ చివరి పాట ‘40’ కూడా 40వ కీర్తన ఆధారంగా కట్టినదే, అందులోనూ అదే ప్రశ్న వినిపిస్తుంది. గాయకుడు బోనో తండ్రి క్యాథలిక్కు, తల్లి ప్రొటెస్టెంటు. అందుకేనేమో, చివరికి వచ్చేసరికి పాట రెండు వర్గాలూ తమవాడనుకునే క్రీస్తు వైపే తిరుగుతుంది. క్రైస్తవులకు ఆదివారం పునరుత్థాన దినం కదా! చంపుకునేవాళ్లకు వాళ్ల విశ్వాసాన్నే ఎదురు నిలపడం నాకు ఇందులో అన్నిటికన్నా సాహసంగా కనిపిస్తుంది.

చంపినవారినీ చచ్చినవారినీ ఒకే గాటన కట్టారన్న విమర్శ ఉండనే ఉంది. అది తీసిపారేయదగ్గది కాదు. డెర్రీలో చనిపోయినవారి వల్ల సైనికులకు ఏ ప్రాణాపాయమూ లేదని సావిల్ విచారణ నివేదిక 2010లో తేల్చింది, బ్రిటిష్ ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ న్యాయానికి 38 ఏళ్లు పట్టింది. పాట ఆ పని చేయలేదు, చేయజాలదు కూడా.

కానీ 1987 నవంబర్ 8న ఉత్తర ఐర్లండ్‌లోని ఎన్నిస్కిల్లెన్‌లో, యుద్ధమృతుల సంస్మరణకు చేరిన జనం మధ్య ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్ఏ) అనే సాయుధ సంస్థ బాంబు పేలి 11 మంది చనిపోయారు. అదీ ఆదివారమే. ఈసారి చనిపోయినవారు ప్రొటెస్టెంట్లు. ఆ రాత్రే అమెరికాలోని డెన్వర్‌లో బృందం ఈ పాట పాడింది. మధ్యలో బోనో ఆగి, దూరాన కూర్చుని సాయుధ విప్లవాన్ని కీర్తించేవాళ్లను ఆగ్రహంతో నిలదీశాడు. ఏ పక్షం తుపాకీ అయినా సరే, పాట అదే మాట మీద నిలబడిందని అక్కడ రుజువైంది.

ఆల్బమ్‌లోని రికార్డింగు విన్నవారు అక్కడితో ఆపవద్దు. ‘రాటిల్ అండ్ హమ్’ చిత్రంలో ఉన్న ఆ డెన్వర్ ప్రదర్శన కూడా చూడండి.