పక్కవాద్యకాని కన్ను

బాల్యమున నాలుగేండ్లు మృదంగము నేర్చి, చేయి తిరుగకమునుపే మానుకొన్న నాకు గురువుగారి బోధలో మిగిలినది ఒక్కటే: వాయించువాడు తన చేతిని చూచుకొనరాదు, పాడువారి ముఖము చూడవలెను. మొన్న మిల్ట్ హింటన్ తీసిన ఛాయాచిత్రములను తిరుగవేయుచుండగా ఆ మాట మరల జ్ఞప్తికి వచ్చినది.

హింటన్ జాజ్ సంగీతమున బాస్ వాద్యకారుడు. 1910లో అమెరికాలోని విక్స్‌బర్గ్‌లో పుట్టి, షికాగోలో పెరిగి, మొదట వయొలిన్ అభ్యసించినవాడు. మూకీ చిత్రములకు వాయించు కొలువులు టాకీల రాకతో అడుగంటగా, మనిషికంటె పొడవైన బాసును చేపట్టెను. (మన సినిమా హాళ్ళలో తెరముందు హార్మోనియము వాయించినవారికిని ఇదే గతి పట్టినది.) 1935లో 25వ పుట్టినరోజు కానుకగా ఒక చిన్న కెమేరా చేతికి వచ్చెను. మరుసటి యేడు క్యాబ్ క్యాలొవే జాజ్ బృందమున చేరి, 1951 వఱకు దేశమెల్ల తిరుగుచు, రైలులో నిద్రించు సహచరులను, అట్లాంటా స్టేషనులో నల్లవారి ద్వారమని సూచించు పలక క్రింద నిలుచున్న తోటి వాద్యకారులను చిత్రించెను. ఆయనకును ద్వారము అదియే.

1959లో గాయని బిల్లీ హాలిడే చివరి ఆల్బము రికార్డింగున హింటన్ బాసు వాయించెను. అప్పుడే పాడిన పాటను యంత్రము వినిపించుచుండగా, తన కంఠము ఏమైనదో తానే వినుచున్న ఆమె ముఖమును ఆయన తీసెను. ఆ జూలైలో ఆమె మరణించినది. అంతటి దైన్యమును చిత్రించుట న్యాయమా అని అడుగువారుందురు. ఆ గొంతు తడబడినచోట అడుగున శ్రుతియై నిలిచినవానికి ఆ హక్కు కలదని నా తలంపు.

రెండు చేతులును తంత్రులపై నున్నంతసేపు కెమేరా పట్టుట సాధ్యము కాదు గదా; కనుకనే ఆయన తీసిన సుమారు 60,000 నెగెటివులలో పెక్కింట పాట ఆగిన వేళయే కానవచ్చును.

క్రిందటి యేడు ఒక కచ్చేరిలో ముందువరుసను కూర్చుండి, సాయంకాలమెల్ల గాయకుని నోటినే గురిచూచి తీసితిని. మంగళము ముగిసినది; కెమేరా సంచిలో పెట్టి లేచుచుండగా, వేదికపై ఒంటరిగా మిగిలిన మృదంగ విద్వాంసుడు, ఎడమవైపు మూతకు అంటించిన రవ్వముద్దను తడిగుడ్డతో నానబెట్టి, గోటితో మెల్లమెల్లగా ఒలుచుచుండెను.