స్వభావోక్తి – ఛాయాచిత్రం: హైమెన్‌డార్ఫ్ కొండరెడ్డి పల్లె

కొండరెడ్ల గురించి క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రచించిన గ్రంథం 1945లో వెలువడింది. వియన్నాలో జన్మించిన ఆయన జర్మన్ పాస్‌పోర్టు గలవాడు. అందువల్ల యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడిగా పరిగణించి హైదరాబాదు రాష్ట్రానికి పరిమితం చేసింది. చెంచులు, కొండరెడ్లు, గోండుల గురించిన గ్రంథాలు ఆ నిర్బంధ ఫలితాలే. వాటిలోని వచనాన్ని పరిశోధకులు ఆధారంగా స్వీకరిస్తారు. ఛాయాచిత్రాలను మాత్రం వచనానికి సాక్ష్యంగానే చూస్తారు. ఆ చిత్రాలు కూడా పఠనీయాలే.

కొండవాలున ఉన్న పల్లె ఛాయాచిత్రం చూడగానే స్వభావోక్తి అనిపిస్తుంది. దండి స్వభావోక్తికి 'జాతి' అనే మరో పేరు చెప్పి అలంకారాలలో మొదట నిలిపాడు. కుంతకుడు దీనిని అంగీకరించలేదు. వస్తుస్వభావమే అలంకారమైతే ఇక అలంకరింపదగినది ఏమి మిగులుతుందని అతని ఆక్షేపణ. అతని కాలానికి ఫిల్ము లేదు గాని, ప్రశ్న ఇక్కడ సరిగ్గా అతుకుతుంది: పల్లె అలంకార్యమైతే, చిత్రంలో కల్పన ఎక్కడున్నది?

మొదట అది ఫిల్ములోనే ఉన్నది. నలుపు తెలుపు ఫిల్ముపై రంగులన్నీ బూడిద ఛాయలుగా దిగుతాయి. కంటికి భిన్నంగా తోచే ఎరుపు, పచ్చ రంగులు ఒక్కోసారి ఒకే ఛాయగా కనిపిస్తాయి. పోడు వ్యవసాయంలో ఈ నష్టం చిన్నది కాదు. ఈ ఏడు కొట్టి కాల్చిన చెలక, వదిలేసిన చోట మొలిచిన లేత పొద, చెయ్యి పడని అడవి, వీటి తేడాను చూపేది ప్రధానంగా వర్ణమే. కొండవాలు రెడ్డికి పంచాంగం వంటిది. చిత్రంలో అది ప్రకృతిదృశ్యంగా మిగులుతుంది.

రెండవది శీర్షిక. ఆనాటి మానవశాస్త్ర గ్రంథాలలో చిత్రం కింది మాట తరచు మనిషి పేరు చెప్పదు, తెగ పేరు చెబుతుంది. దండి చెప్పిన 'జాతి' ఇక్కడ అనుకోని మరో అర్థంలో నిజమవుతుంది.

ఈ గ్రంథం ఉపశీర్షికే సంస్కృతి సంపర్కం వల్ల కలిగే మార్పును సూచిస్తుంది. కలప గుత్తేదారులు, అప్పులు, వెట్టి దాని వచనంలోని విషయాలు. నదిలో సాగే వెదురు తెప్పను ఫిల్ముకు ఎక్కించవచ్చు. ఆ వెదురు నరికినవాడి బాకీకి రూపం లేదు. అందుచేత వచనం మార్పును చెబుతుండగా చిత్రం నిశ్చలతను నిలుపుతుంది. చిత్రాలను విడదీసి చూసే పాఠకుడికి బయటి స్పర్శ ఎరుగని పల్లె దొరుకుతుంది. అటువంటి పల్లె హైమెన్‌డార్ఫ్ వచనంలో లేదు.

పోలవరం ముంపు ప్రాంతంలో కొండరెడ్డి పల్లెలు అనేకం ఉన్నాయి. పల్లె నీట మునిగితే చిత్రమే మూలప్రతి అవుతుంది. కనుక ఈ పఠనం అలంకారశాస్త్ర వినోదం కాదు. హైమెన్‌డార్ఫ్ ఛాయాచిత్రాలు, దినచర్య పుస్తకాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి, వాలు తెలిసిన పెద్దలకు చూపి అడగవలసినవి కొన్ని ఉన్నాయి: అది ఏ నెల, ఎవరి పోడు, ఆ నిలబడిన మనిషి పేరేమిటి.